గోడకి ఇవతల నిద్ర

ఆ ఊళ్ళో రాయి విసిరితే అది పోయి ఎవరో ఒక విద్వాంసుడి నెత్తిన పడుతుందని చెప్పుకుంటారు. చెప్పుకోవడమేమిటి, దండోరా వేసుకుంటారు. రైలు దిగగానే గోడల నిండా వాళ్ళ బొమ్మలే. వీధులకి వాళ్ళ పేర్లే. సబ్బు కొంటే ఆ పెట్టె మీద కూడా వాళ్ళలో ఒకాయన వయొలిన్ పట్టుకుని పళ్ళికిలిస్తుంటాడు. గాయకులున్నారు, వేణువు వాయించేవాళ్ళున్నారు గాని, ఊరికి అసలు పేరు వయొలిన్‌తో వచ్చింది. ఈ ఊరివాళ్ళది మెత్తని బాణీ అట. కమాను తీగకి తగిలిందో లేదో తెలియనంత మెల్లగా వాయిస్తారట. అది ఇంకో ఊరివాడు తలకిందులుగా తపస్సు చేసినా పట్టుబడదట.

మంచిదే, ఎవరి గొప్ప వాళ్ళది. వాళ్ళ గురించి రాయడానికి కావలసినంత మంది ఉన్నారు, రాసినవాళ్ళకి విందులు కూడా చేస్తారు. ఈ కథ మాత్రం వాళ్ళ గోడకి ఇవతల కాసేపు నిద్రపోదామని చూసిన ఒక మనిషిది. ఆవిడని వీధిలో అందరూ గోడావిడ అంటారు. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు. ఆవిడ నోటికి జడిసి పాలవాడు కూడా చెంబులో నురగ తగ్గాకే కొలుస్తాడు.

గోడావిడ కోడలు సిటీ బస్సులో కండక్టరు. ఆమె "రైట్" అని అరిస్తే వెనకాల వచ్చే బస్సు కూడా కదులుతుందని డ్రైవర్లు వేళాకోళం చేస్తారు. అంత గొంతున్న మనిషి ఒక సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పడం మొదలుపెట్టి, ఒకటి విప్పి రెండోది విప్పకుండా అలాగే కూర్చుండిపోయింది.

గోడావిడ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఎడం చేత్తో చిక్కుళ్ళు తుంపుతోంది. కుడి చెయ్యి గిన్నె కదలకుండా ఆనించి ఉంచడానికి తప్ప మరెందుకూ పనికిరాదు. దాని వేళ్ళు మూడు ఒకదానికొకటి అతుక్కుపోయి, అరచెయ్యి అట్టముక్కలా చదునై ఉంటుంది.

"ఏమే, మీ బస్సు గానీ ఎవరినైనా గుద్దిందా ఏమిటి?"

"లేదత్తయ్యా."

"మరి ఆ మొహం ఏమిటి? ఎవడైనా ఏమైనా కూశాడా? చెప్పు, రేపు నీ బస్సెక్కి వాడి సంగతి చూస్తాను."

"ఎవరూ ఏమీ అనలేదు. నేనే బుద్ధి తక్కువ పని చేశాను."

సంగతి ఇదీ. ఊళ్ళో కొత్తగా సంగీత భవనం కట్టారు. ఇక మీద ఆ స్టాపు పేరు అరవాలి కదా అని డిపోవాళ్ళు కండక్టర్లందరినీ తీసుకెళ్ళి భవనం చూపించారు. పైన అంతా విద్వాంసుల పటాలు, వాళ్ళ వాయిద్యాలు. కింద ఒక గదిలో మాత్రం చెక్కతో చేసిన గోడ, దాని మీద పెద్ద అక్షరాలతో "కొట్టండి!" అని రాసి ఉంది. మూడుసార్లు కొడితే పైన కిటికీ తెరుచుకుని ఒక ముసలిదాని బొమ్మ బయటికి దూకుతుంది. జుట్టు విరబోసుకుని, గుడ్లు ఉరుముతూ, చేతిలో చీపురు తిప్పుతూ, "ఆపండ్రా వెధవల్లారా! మీ గోలకి నా చెవులు చిల్లులు పడుతున్నాయి!" అని అరుస్తుంది. ఆ గోడ కొట్టడానికి జనం వరస కట్టారు.

"నేనూ కొట్టానత్తయ్యా. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ కొట్టాను. మా డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు. నేను అంతకంటే నవ్వాను. ఆ తరవాత కింద రాసింది చదివాను. మన వీధి పేరుంది. వయొలిన్ మాస్టారి పక్కింటావిడ అనుంది."

గోడావిడ చేతిలో చిక్కుడుకాయ అక్కడే ఆగిపోయింది. "ఇంకేం రాశారు?"

కోడలు తల దించుకుని చెప్పింది. "రోజూ గోడ బాది పిల్లల సాధన చెడగొట్టేదట. ఒకరోజు ఆ చప్పుడు ఆగిపోయిందట. చివరికి ఆమె కూడా సంగీతానికి లొంగిపోయింది, అని రాశారు."

"లొంగిపోయానా?"

"అలాగే రాశారు."

గోడావిడ గిన్నె పక్కకి నెట్టి లేచి నిలబడింది. మొహం ఎర్రగా కందిపోయింది. "ఆ బొమ్మ తీయించాలి," అంది. "నేను బతికుండగా అది అక్కడ ఉండటానికి వీల్లేదు."

కొడుకు అప్పుడే ఇంట్లోకి వచ్చాడు. నెమ్మది మనిషి, తగువంటే ఆమడ దూరం పరిగెత్తే రకం. అంతా విని, "పోనీలే అమ్మా, ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదన్నారు," అన్నాడు.

"నీకు గుండు ఎలాగూ ఉంది, ఆ సుఖం నువ్వు పడు. నన్ను ఊరుకోమనకు," అంది తల్లి.

అసలు ఆ చప్పుడు ఎందుకు ఆగిందో ఆ ఇంట్లో ముగ్గురికీ తెలుసు. భవనం కట్టినవాళ్ళకి తెలియదు. తెలుసుకోవాలని కూడా వాళ్ళకి తోచలేదు. ఎద్దు పుండు కాకికి నొప్పా?

ఆవిడ వయసులో ఉన్నప్పుడు పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేది. పగలంతా వార్డుల్లో మాసిన దుప్పట్లు సాయంత్రానికి బండ్ల మీద గుట్టలుగా వచ్చేవి. తెల్లారేసరికి అవన్నీ ఉతికి, ఆరి, మడతలు పడి మళ్ళీ మంచాల మీద ఉండాలి. కొత్తగా చేరిన ఆడవాళ్ళందరికీ నైట్ డ్యూటీయే. మొగుడు లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్ల మీదే. పొద్దున్న ఇంటికొచ్చి, పిల్లాణ్ణి బడికి తోలి, కిటికీకి దుప్పటి కట్టి పడుకుంటే మధ్యాహ్నం వాడు వచ్చేదాకా ఆవిడ నిద్ర. రోజు మొత్తంలో ఆవిడకి దొరికేది అదొక్కటే. ఇల్లు వరస ఇళ్ళలో ఒకటి. పక్కింటికీ తమకీ మధ్య ఒంటి ఇటుక గోడ. మంచం పట్టే జాగా ఆ గోడ పక్కనే ఉంది.

పక్కింట్లో మొదట ఒక దర్జీ ఉండేవాడు. అతని మిషను చప్పుడుకి హాయిగా నిద్రపట్టేదని ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. దర్జీ ఖాళీ చేశాక వయొలిన్ మాస్టారు దిగారు, పెళ్ళాంతో, ఒక కొడుకుతో, పొద్దున్నే వచ్చే పదిమంది శిష్యులతో. మాస్టారు మంచివాడు. చిక్కంతా మంచివాళ్ళతోనే వస్తుంది. చెడ్డవాడైతే నాలుగు తిట్టి మనసు తేలిక చేసుకోవచ్చు.

వాయింపు మొదలైన వారంలోనే ఆవిడ వెళ్ళి అడిగింది, నోరు పెద్దదని పేరు పడకముందు అడిగే తీరులో అడిగింది.

"మాస్టారూ, నాది నైట్ డ్యూటీ అండీ. పొద్దున్నే వచ్చి పడుకుంటాను. పిల్లలని కాస్త మెల్లగా వాయించమంటారా? మానమని కాదు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, వయొలిన్ రేడియో కాదు కదా, మీట తిప్పితే తగ్గడానికి. నేర్చుకునే వయసులో మెల్లగా వాయిస్తే చెయ్యి పాడైపోతుంది. ఒకసారి పాడైన చెయ్యి మళ్ళీ దారికి రాదు. పసిపిల్లల చేతులమ్మా."

ఆవిడకి తన కొడుకు చేతులు కళ్ళ ముందు మెదిలాయి. "అయ్యో, వద్దులెండి," అని వచ్చేసింది. వయొలిన్ సంగతి ఆవిడకేం తెలుసు? డాక్టరు మాట నమ్మినట్టు నమ్మింది. ఆ రోజు మొదలు ముసలితనం దాకా ఆ మాట అలాగే నమ్ముతూ వచ్చింది.

చెవుల్లో దూది కుక్కుకుంది. వంటింట్లో పడుకుని చూసింది, పొగకి దగ్గొచ్చింది. డే డ్యూటీ ఇవ్వమని సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడింది. "నీకంటే ముందు నలభైమంది ఉన్నారు," అన్నాడాయన. ఇక తల పగిలిపోతుందనిపించినప్పుడు మాత్రం పడుకున్నచోటి నుంచే చీపురు తిరగేసి, కర్రతో గోడ మీద మూడుసార్లు కొట్టేది. అది తిట్టడం కాదు, బతిమాలుకోవడం.

కొట్టాక కాసేపు అంతా సద్దుమణిగేది. పాపం పిల్లలు నా కోసం ఆపారు అనుకుని, ఆవిడ వాళ్ళని మనసులో దీవించి కళ్ళు మూసుకునేది. నిద్ర పట్టీ పట్టగానే పదిమందీ ఒక్కసారిగా వాయించేవాళ్ళు. ఇల్లు కూలిందనుకుని ఆవిడ లేచి కూర్చునేది. గుండె దడదడలాడేది, మళ్ళీ నిద్రపోవడం కుదిరేది కాదు. పాఠం అలాగే ఉంటుంది కాబోలు, కొంచెంసేపు విశ్రాంతి, తరవాత అందరూ కలిసి, అనుకుంది.

లాండ్రీలో ఇద్దరు ఆడవాళ్ళు దుప్పటిని చెరో అంచూ పట్టుకుని కాలే రోలర్ల మధ్యకి అందిస్తారు. రోలరు లాక్కోవడం మొదలుపెట్టగానే వదిలెయ్యాలి. ఒక తెల్లవారుజామున ఆవిడ నిలబడే నిద్రపోయి, వదల్లేదు. అవతలామె కేక వేసి స్విచ్చి ఆపేలోపు జరగాల్సింది జరిగిపోయింది. తను ఇస్త్రీ చేసిన దుప్పట్ల మీదే చాలా రోజులు పడుకుంది. ఇంటికొచ్చేసరికి మోచేతిదాకా కట్టు. చీపురు ఎత్తే ఓపిక లేదు, ఎత్తడానికి చెయ్యి లేదు. గోడ మీద చప్పుడు ఆగింది అందుకు.

కొన్నాళ్ళకి మాస్టారి కొడుక్కి పేరొచ్చింది. వాళ్ళు పెద్ద ఇంటికి మారిపోయారు. ఆవిడ వాళ్ళని ఒక్క మాట అనలేదు. పిల్లలు నేర్చుకోవాలి, తను నిద్రపోవాలి, రెండూ ఒక గోడ దగ్గర పడ్డాయి, ఎవరి తప్పూ లేదు అనుకుంది. కోపమంతా ఆసుపత్రివాళ్ళ మీద తీర్చుకుంది. ఆఫీసు ముందు కూర్చుని పోట్లాడి, చిరిగిన దుప్పట్లు వేరుచేసే పని పగటిపూట తెచ్చుకుంది. "చెయ్యి ఇస్తే గాని డే డ్యూటీ ఇవ్వలేదు వెధవలు," అని నవ్వుతూ చెప్పేది. విన్నవాళ్ళకే నవ్వొచ్చేది కాదు.

అలాంటి మనిషిని సంగీతానికి లొంగిపోయిందన్నారు.

మర్నాడు కోడలు సెలవు పెట్టి అత్తగారిని భవనానికి తీసుకెళ్ళింది. ఒక తండ్రి తన చిన్న కూతుర్ని ఎత్తుకుని గోడ కొట్టించాడు. బొమ్మ దూకింది, అరిచింది, పిల్ల కిలకిలా నవ్వింది. గోడావిడ బొమ్మని పైనుంచి కిందికి చూసింది. దానికి చేతులు రెండూ నిండుగా ఉన్నాయి. పది వేళ్ళూ చీపురు చుట్టూ బిగుసుకుని ఉన్నాయి.

"అయ్యో రాత, చెయ్యి కూడా సరిగ్గా చూసి పెట్టలేదే వీళ్ళు," అంది కోడలితో.

మేనేజరు కుర్రవాడు, మాటలు వెన్నపూస. ఎవరో తెలియగానే కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"ఆవిడ మీరేనా అమ్మగారూ! ఇంకా ఉన్నారా!"

"ఉన్నాను నాయనా. పోయాక పెట్టాల్సిన బొమ్మ, మీకే కాస్త తొందరెక్కువైంది."

"ఇది మిమ్మల్ని గౌరవించడమేనండీ. పైన ఉన్న విద్వాంసుల పటాల కంటే మీ బొమ్మ దగ్గరే జనం ఎక్కువ."

"గౌరవమైతే నీ తల్లి బొమ్మ పెట్టు. నాది తీసెయ్."

వెన్నపూస కొంచెం గడ్డకట్టింది. "అది విద్వాంసులవారు స్వయంగా చెప్పిన జ్ఞాపకమండీ. మాస్టారి అబ్బాయిగారు. ఆయన మాట లేకుండా మేము మేకు కూడా పీకలేం. ఈ ఆదివారం ఆయన కచేరీ ఇక్కడే ఉంది. మీరు రండి, వేదిక మీదికే పిలుస్తాం. ఆయన్నే అడగండి. ఆయన ఊఁ అంటే ఆ సాయంత్రానికి తీసేస్తాం." ఆగి, చేతులు నలుపుకుంటూ, "వేదిక మీద ఒక్కసారి, సరదాకి, గోడ మీద మూడు దెబ్బలు..." అన్నాడు.

"చూద్దాంలే," అంది గోడావిడ. కోడలు ఆ మాట విని బిత్తరపోయింది. ఇరవై ఏళ్ళ కాపురంలో అత్తగారు ఎవరితోనూ చూద్దాంలే అని అనగా ఆమె వినలేదు.

ఆదివారం మధ్యాహ్నం ముందు వరసలో కూర్చోబెట్టారు. అత్తకి అటు కోడలు, ఇటు కొడుకు. కొడుకు తనే దొంగతనం చేసి దొరికినట్టు కుంచించుకుని ఉన్నాడు. గోడావిడ జన్మలో కచేరీకి రావడం ఇదే మొదలు. ఆవిడకి సంగీతం గోడలోంచి వచ్చినంతవరకే తెలుసు.

విద్వాంసుడు వచ్చాడు. జుట్టు నెరిసింది, బొజ్జ పెరిగింది గాని చాటల్లాంటి ఆ చెవులు మాత్రం ఆవిడ గుర్తుపట్టింది. వాయించడం మొదలుపెట్టాడు. ఆవిడ పళ్ళు బిగబట్టి కూర్చుంది. ఆ స్వరాలు ఆవిడకి చెవుల్లో కాదు, కణతల్లో తెలుసు. కాసేపటికి చుట్టూ జనం ముందుకి వంగారు. "ఇదిగో, ఇప్పుడు," అని వెనకెవరో గుసగుసలాడారు.

కమాను కదులుతూనే ఉంది. వేళ్ళు తీగల మీద నడుస్తూనే ఉన్నాయి. కాని ఆవిడకి తన ఊపిరి తనకి వినిపించింది. పక్కవరసలో ఎవరో చెప్పు సర్దుకోవడం వినిపించింది. ఆ చప్పుళ్ళ కింద ఎక్కడో, పక్క గదిలో పసిపాప నిద్రపోతున్నట్టు, వయొలిన్ ఉంది.

"వాయిస్తున్నాడా?" అంది కోడలి చెవిలో.

"వాయిస్తున్నాడత్తయ్యా."

"ఆపలేదు కదా?"

"ఆపలేదు. ఇదేనత్తయ్యా ఆ మెత్తని బాణీ."

గోడావిడ మంచి చేత్తో కుర్చీ అంచు పట్టుకుంది.

వాయించడం అయ్యాక చప్పట్లు ఆగేదాకా ఉండి, ఆయన మైకు దగ్గరికి వచ్చాడు. "ఈ బాణీ ఎలా పుట్టిందని దేశదేశాల్లో అడిగారు," అన్నాడు. "ఇవాళ చెప్తాను. ఎందుకంటే దానికి కారణమైన మనిషి ఈ సభలో ఉన్నారు. మా పక్కింటి పిన్నిగారు!"

జనం మెడలు సాచారు. ఆయన హుషారుగా చెప్పుకుపోయాడు. పొద్దున్న పాఠం ఇచ్చి నాన్నగారు బజారుకి వెళ్ళేవారు. పిన్నిగారు గోడ కొట్టేవారు. అప్పుడు పిల్లలంతా పందెం వేసుకునేవాళ్ళు, ఆవిడకి నిద్రాభంగం కాకుండా ఎవరు వాయించగలరని. ఒకడు గోడకి చెవి ఆనించేవాడు. ఆవిడ గురక మొదలవగానే దాని మీద వాయించాలి. ఎవడి వాయింపుకి గురక ఆగితే వాడు ఓడినట్టు.

"పదేళ్ళవాళ్ళమండీ! కమాను బరువు ఎలా తగ్గించాలో, ఊపిరి ఎలా బిగబట్టాలో మాకు ఏ గురువూ నేర్పలేదు. పిన్నిగారి గురక నేర్పింది!" సభ ఘొల్లున నవ్వింది. "అందరి వంతూ అయ్యాక నేను వేలు ఎత్తేవాణ్ణి. అంతే, పదిమందీ ఒక్కసారిగా, బలం కొద్దీ! మంచం కిర్రుమనేది, పిన్నిగారు ఎగిరి పడేవారు, మేము నోళ్ళు మూసుకుని దొర్లేవాళ్ళం. ఈ ఊరి బాణీ ఆ గోడ దగ్గర పుట్టింది. ఆవిడ మా రెండో గురువు!"

సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కొడుకు కూడా అలవాటుకొద్దీ లేవబోతే పెళ్ళాం చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

మేనేజరు వచ్చి గోడావిడని వేదిక ఎక్కించాడు. అక్కడ చెక్కగోడ ఒకటి సిద్ధంగా ఉంది. రిబ్బను కట్టిన చీపురు చేతికి ఇవ్వబోయాడు. ఆవిడ దాన్ని చూడను కూడా చూడకుండా మైకు ముందుకి నడిచింది.

"బాబూ, పదేళ్ళప్పటికే వచ్చేసిందా నీకు, ఇందాక వాయించావే, అంత మెల్లగా?"

"వచ్చేసింది పిన్నిగారూ. మీ చలవే!"

"మీ నాన్నగారికి తెలుసా?"

"ఒకరోజు చప్పుడు చేయకుండా వచ్చి విన్నారు. తిట్టలేదు. ఇది ఎవరికీ రాని విద్యరా, వదలొద్దు అన్నారు."

"మెల్లగా వాయిస్తే పిల్లల చేతులు పాడైపోతాయన్నారే నాతో?"

ఆయన నవ్వాడు. "ఇరుగుపొరుగు ఎవరొచ్చి అడిగినా నాన్నగారు ఆ మాటే చెప్పేవారండీ. తగువు లేకుండా పోతుందని."

గోడావిడ ఆయన వైపు తిరిగింది. ఇన్నేళ్ళు ఆవిడ క్షమించింది ఒక అబద్ధాన్ని. అది తెలిసేసరికి ఆవిడకి కలిగింది భయం కాదు, సిగ్గు కాదు, ఒట్టి కోపం.

"నీ చెయ్యి పాడైందా?"

"లేదు పిన్నిగారూ."

"నాదైంది." కుడి చెయ్యి ఎత్తి ఆయన మొహం ముందు పెట్టింది. "ఆసుపత్రి లాండ్రీలో, రోలర్ల మధ్య. నిద్ర లేక నిలబడి తూగాను. నీ పందెం నువ్వు గెలిచిన రోజుల్లోనే. నేను లొంగిపోయి గోడ కొట్టడం మానలేదు, కర్ర పట్టుకోవడానికి చెయ్యి లేక మానాను. అది రాశారా మీరు కింద?"

సభలో ఒకరిద్దరు ఇది కూడా వినోదంలో భాగమేమోనని నవ్వబోయి మానుకున్నారు.

"నాకు తెలియదు పిన్నిగారూ," అన్నాడు విద్వాంసుడు.

"ఎలా తెలుస్తుంది? గోడకి చెవి పెట్టి గురక విన్నావు, పొద్దున్నే గురకేమిటి ఈవిడకి అని అడగలేదు. సరే, పసివాళ్ళు, పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అని వదిలేద్దును. ఇప్పుడు నువ్వు పసివాడివి కాదే! నెత్తి నెరిసింది. ఇంకా ఆడుతున్నావేం? ఊరందరి చేతా ఆడిస్తున్నావేం?"

ఆయన మొహం పాలిపోయింది. "ఆ బొమ్మ ఈ పూటే తీయించేస్తాను."

"వద్దు."

మేనేజరు, విద్వాంసుడు, కింద కోడలు, ముగ్గురూ ఒకేసారి ఆవిడ వంక చూశారు.

"తీయించాలనే వచ్చాను. ఇప్పుడు వద్దు. గోడ ఉండనీ. ఆ ముసలిదాని గొంతు తీసెయ్. ఎవరైనా కొడితే నీ గొంతు పలకాలి. 'మాకు మెల్లగా వాయించడం వచ్చు. కావాలని గట్టిగా వాయించాం.' అంతవరకే. నాకు దండలొద్దు, గురువు అన్న పేరొద్దు."

మేనేజరు మైకు లాక్కోబోయాడు. "అమ్మగారి మనసు ఎంత విశాలమైనదో..."

"ఆవిడ అడిగింది వినబడిందా లేదా?" కింది నుంచి కోడలు అరిచింది. కిక్కిరిసిన బస్సుల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి పాకే గొంతు అది, మైకు అక్కర్లేదు. హాలంతా ఉలిక్కిపడింది.

"అలాగే," అన్నాడు విద్వాంసుడు. వెనక వరసలకి ఆ మాట వినపడలేదు.

ఆ వారంలోనే కోడలు డ్యూటీ దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. సంగీత భవనంలో గోడ లేదు. బొమ్మ లేదు. ఆ చోట ఒక పూలకుండీ పెట్టి దీపం వేశారు. "హమ్మయ్య, నువ్వు కోరింది అయింది కదమ్మా," అన్నాడు కొడుకు. తల్లి చూసిన చూపుకి పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

గోడావిడ తెల్లారి మొదటి బస్సుకి భవనానికి వెళ్ళింది.

"తీసేశామండీ, మీరు కోరినట్టే," అన్నాడు మేనేజరు గుమ్మంలోనే.

"తీయమన్నప్పుడు తీయలేదు. ఉంచమన్నాక తీశారు. ఆయన గొంతేదీ?"

"వారు కచేరీలకి విదేశాలు వెళ్ళారండీ. ఎప్పుడొస్తారో మాకు కూడా..."

ఆవిడ టికెట్లిచ్చే అమ్మాయి దగ్గర ఒక కుర్చీ అడిగి తీసుకుని, ఎడం చేత్తో ఈడ్చుకుంటూ వెళ్ళి, పూలకుండీ పక్కన వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే అడిగారు, ఇక్కడ కొట్టే గోడ ఉండాలి కదా, ఏమైందని. అడిగినవాళ్ళందరికీ ఆవిడ చెప్పింది. లాండ్రీ చెప్పింది, మాస్టారి మాట చెప్పింది, పందెం చెప్పింది, చెయ్యి చూపించింది. మర్నాడు కూడా వచ్చి కూర్చుంది. ఆ మర్నాడు కూడా. జనం పైన పటాలు చూసి దిగేటప్పుడు ఆవిడ చుట్టూ మూగేవాళ్ళు. కొందరు మళ్ళీ పైకెళ్ళి ఆ విద్వాంసుడి పటం ఇంకోసారి చూసి వచ్చేవాళ్ళు.

నాలుగో రోజు మేనేజరు వచ్చి కుర్చీ పక్కన వంగి నిలబడ్డాడు. నుదుట చెమట పట్టి ఉంది.

"అమ్మగారూ, మేడమీద పిల్లల సాధన జరుగుతోందండీ. దయచేసి కాస్త గొంతు తగ్గించి చెప్తారా?"

"నాకు తగ్గించడం రాదు నాయనా," అంది గోడావిడ. మెట్ల దగ్గర తటపటాయిస్తున్న ఆడమనిషిని చెయ్యెత్తి పిలిచింది. "ఇలా రా అమ్మా, ఏమీ కనబడటం లేదు కదూ, ఇక్కడ గోడ ఉండేది."